నాలుక మీద మచ్చ

ఇదిగో, కుర్చీలో వెనక్కి వాలి చదువుతున్న నిన్నే. కింది వరసలో నీ ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉంది, ఎప్పుడైనా చూసుకున్నావా? చూశావా, అప్పుడే నాలుకతో తడుముకుంటున్నావు. ఏం లేదులే. నీ పన్ను నాకెక్కడ కనిపిస్తుంది? ఇలా ఓ మాట విసిరి, ఎదుటివాడి నాలుక ఎటు తిరుగుతుందో చూడటం నాకున్న పాత జబ్బు. ఇంకో జబ్బు కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

నా పని కట్టుడు పళ్లు చేయడం. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయినా ముప్ఫైరెండు దాకా లెక్క తప్పకుండా వచ్చు, మా పనిలో అంతకంటే అక్కర్లేదు. మా పనిగదిలో ఇద్దరమే ఉంటాం. కిటికీ పక్క బల్ల మా బావది, అంటే మా అక్క మొగుడిది. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడలు తీయడం అతని వంతు. ఆ దవడల మీద గులాబీ రంగు మైనం పరిచి, పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టడం నా వంతు. అతను దవడ ఇస్తాడు, నేను నవ్వు పెడతాను. పాతికేళ్లుగా అలాగే నడుస్తోంది.

మా బావకి అబద్ధం చెప్పడం రాదు. చెప్పబోతే ముందు చెవులు ఎర్రబడతాయి. ఒకసారి ఒకావిడ తన మొగుడి కొత్త పళ్లు చూసి, అచ్చం ఆయన పాత పళ్లలాగే ఉన్నాయా అని అడిగింది. ఆ పెద్దమనిషి పాత పళ్లు మేమెక్కడ చూశాం? ఉన్నాయమ్మా అంటే పోయేది. బావ అనబోయాడు, రెండు చెవులూ పండుమిరపకాయల్లా అయిపోయాయి. ఆవిడ అనుమానంగా ఆ చెవుల వంక చూసి, పళ్లు మళ్లీ చేయమని అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. అలాంటి మనిషి పక్కన నాలాంటి వాణ్ని కూర్చోబెట్టిన దేవుడు కూడా కొంచెం కొంటెవాడే అయ్యుండాలి.

మా ఇద్దరికీ పళ్ల తర్వాత ఫుట్‌బాలే. మా జట్టు చొక్కాలు నీలం, అందుకని ఊరంతా నీలాలు అంటారు. పంతొమ్మిదేళ్ల కిందట పై డివిజన్ నుంచి జారి కింద పడ్డారు. అప్పట్నుంచీ లేస్తారు లేస్తారని గోల్ వెనకాల మూడో వరసలో, పక్కపక్క సీట్లలో కూర్చుని గొంతులు చించుకున్నాం. ఈ ఏడాది నాలుగో స్థానంలో వచ్చారు. మొదటి ఇద్దరూ నేరుగా పైకి పోతారు. తర్వాతి నలుగురిలో ఒక్కరికే చోటు. దానికోసం సెమీఫైనల్ రెండు ఆటలు, ఒకటి వాళ్ల గ్రౌండ్‌లో, ఒకటి మన గ్రౌండ్‌లో. నెగ్గితే ఒకే ఒక్క ఫైనల్. దీన్ని ప్లే-ఆఫ్ అంటారు. నన్నడిగితే, భయాన్ని మూడు ముక్కలు చేసి వారానికొకటి వడ్డించడం అంటాను.

మొదటి సెమీఫైనల్‌కి రెండు రోజుల ముందు ఇంకో భయం వచ్చి పడింది. ప్లాస్టర్ దుమ్ము పీల్చేవాళ్లు ఏటా ఒకసారి ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలని రూలు. ఇద్దరం చేయించుకున్నాం. కాగితాలు తెచ్చే పని ఎప్పటిలాగే బావ మీద పడేశాను. నా కాగితాలు నేను ఏనాడూ చదవలేదు. వాటిలో నా గురించి మంచి ఏం రాసి ఉంటుంది గనక?

సాయంత్రం బావ ఆస్పత్రి నుంచి వచ్చాడు. నెత్తి మీద జట్టు వాళ్ల నీలం ఉన్ని టోపీ, చెవుల కిందికి లాగి ఉంది. బయట ఎండ ఇంకా తగ్గలేదు. లోపల మెదడు గానీ గడ్డకట్టిందా బావా అన్నాను. నవ్వలేదు. ప్లే-ఆఫ్ అయ్యేదాకా టోపీ తియ్యననీ, తీస్తే ఓడిపోతామనీ అన్నాడు. అందులో వింతేమీ లేదు. పోయిన సీజన్‌లో నేనూ ఒకే జత సాక్సులతో పదకొండు ఆటలు చూశాను, మా అక్క వాటిని కర్రతో ఎత్తి బయట పారేసేదాకా. వింత ఏమిటంటే, వెనకాలే వచ్చిన అక్క కళ్లు ఉబ్బి ఉన్నాయి.

బావ నా వంక చూడకుండా గోడకి చెప్పాడు. "గుండెరా. నా గుండె. రక్తం పోయే గొట్టాలు మూడు పూడుకుపోయాయంట. ఫైనల్ అయిన రెండో రోజు ఆపరేషన్‌కి రమ్మన్నారు."

ఎప్పుడూ నోటిదాకా వచ్చి నిలబడి ఉండే జోకు నాకు ఆ రోజు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. అప్పుడే తెలిసింది నేను ఎంత పిరికివాణ్నో.

అప్పటిదాకా ఏం చెయ్యకూడదో అక్క చదివింది. మెట్లు ఎక్కకూడదు. బరువులు ఎత్తకూడదు. ఉప్పు తగ్గించాలి. అరవకూడదు, ఎగరకూడదు, గ్రౌండ్ ఛాయలకి పోకూడదు. ఇంట్లో టీవీలో చూడొచ్చు గానీ, ఉన్నట్టుండి గుండె ఝల్లుమనే సంగతి ఏదీ తగలకూడదు. ఫుట్‌బాల్‌లో ఝల్లుమనని సంగతి ఏముంటుంది, హాఫ్ టైమ్ తప్ప?

నువ్వు గ్రౌండ్‌కి వెళ్లిరా అన్నాడు బావ. నేను వెళ్లనన్నాను. డాక్టరు వద్దన్నది నన్నయితే వెళ్లి తీరేవాణ్నని ఇంట్లో అందరికీ తెలుసు. మూడేళ్ల కిందట కాలు విరిగితే ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. నాలుగో రోజు నేను మూడో వరసలో ఉన్నాను, చంకకర్రకి జెండా కట్టి ఊపుతూ. కానీ ఇది బావ గుండె. పక్క సీటు ఖాళీగా ఉంటే నేను ఎవరి వీపు మీద కొట్టను?

నేనుండేది వాళ్ల ఇంట్లోనే, మేడ మీద గదిలో. పెళ్లి కాలేదు. సంబంధం చూడటానికి వెళ్లినప్పుడల్లా ముందు అమ్మాయి పళ్లు చూసేవాణ్ని, అది ఎవరికీ నచ్చేది కాదు. బావకి ఏదైనా అయితే పిలిచే దూరంలో ఉండాలని అక్క ఆ రోజే నా మంచం కింద హాల్లో వేయించింది. ఆయనొక్కరికీ చప్పిడి పెడితే తినరు, నువ్వూ తోడు తిను అంది. ఉప్పు లేని గుడ్లు, ఉప్పు లేని సూపు, రుచి లేని రొట్టె, అన్నీ తిన్నాను. ఎదురుగా ఇంకొకరు మింగితే తప్ప బావకి మాత్ర గొంతు దిగదంటే, నాకూ కొన్ని మాత్రలు చేతిలో పెట్టింది. బలానికట. నోరెత్తకుండా మింగాను. పాతికేళ్లు నాకు దవడలిచ్చిన మనిషి కోసం ఆమాత్రం చేయలేనా?

ఇక మొదటి సెమీఫైనల్. వాళ్ల గ్రౌండ్‌లో. ఇక్కడ నా కొంటె బుద్ధి పని చేసింది. మా టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, అందులో ఆట ఇరవై సెకన్లు వెనక వస్తుంది. పనిగదిలో వినే నా జేబు రేడియోలో అప్పటికప్పుడు వస్తుంది. రేడియో చొక్కా లోపల పెట్టి, తీగ మెడ వెనక నుంచి తెచ్చి, చెవి మీద జుట్టు దువ్వుకున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, ఇప్పుడు మనకి కార్నర్ వస్తుంది చూడు అన్నాను. వచ్చింది. వాళ్ల ఏడో నంబరు కింద పడతాడు అన్నాను. పడ్డాడు. మనం గోల్ తింటాం బావా, కానీ గాబరా పడకు, హాఫ్ టైమ్‌కి ఇంకా చాలా టైముంది అన్నాను. తిన్నాం. బావ గాబరా పడలేదు. నావైపు తిరిగి కళ్లు పెద్దవి చేసి చూశాడు.

"నీ నాలుక మీద మచ్చ ఉందిరా," అన్నాడు. అన్నది అయ్యే నాలుక అని అర్థం.

సంతోషంతో వంటింట్లోకి దూరి నోరు మూసుకుని నవ్వుకుంటుంటే అక్కకి దొరికిపోయాను. ఆవిడ నా చెవిలో తీగ చూసింది. చెంప మీద ఒకటి పడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"ఇలాగే చెప్పు," అంది. "ముందే తెలిస్తే గుండెకి దెబ్బ తగలదు. కానీ మెల్లగా చెప్పు, పళ్ల కొలత చెప్పినట్టు. నువ్వు అరిస్తే ఆయనా అరుస్తారు, నువ్వు ఎగిరితే ఆయనా ఎగురుతారు. ఆయన ప్రాణం నీ గొంతులో ఉందిరా తమ్ముడూ."

అంతే, తమాషా కాస్తా మందు అయిపోయింది. ఆ క్షణం నుంచి నాకు నవ్వు రాలేదు. చేతిలో ఇంకొకడి గుండె పెట్టి, జారవిడవకుండా తొంభై నిమిషాలు నడవమన్నట్టు ఉంది. మనవాళ్లు గోల్ కొట్టి సమం చేసినప్పుడు, రేడియోలో ఆ మాట విని నా లోపల అంతా పైకి లేచింది. దాన్ని కిందికి తొక్కి పట్టి, సమం అయింది బావా, కూర్చునే చూడు అన్నాను. ఒకటికి ఒకటితో ఆట ముగిసింది.

రెండో ఆటకి మధ్యలో వారం రోజులు. ఆ వారం పనిగదిలో నేను పళ్లు పెట్టానో, పళ్లు నన్ను పెట్టాయో తెలియదు. బావ రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలుపుతుంటే గరగరమని చప్పుడు వస్తుంది. నా చెవులు ఆ చప్పుడు మీదే ఉండేవి. అది ఆగితే నా ఊపిరి ఆగేది. తిరిగి చూసేసరికి బావ గిన్నె పట్టుకుని నా వంకే చూస్తుండేవాడు. ఏంటి బావా నొప్పా అంటే, నీకేమైనా నొప్పా అనేవాడు. నాకెందుకుంటుంది అని కసిరేవాణ్ని. ఒకరోజు అతను ప్లాస్టర్ బస్తా భుజానికెత్తుకుని వస్తుంటే ప్రాణం ఎగిరిపోయింది. పరిగెత్తుకెళ్లి లాగాను. అతను వదలడే. నువ్వు ముట్టుకోకు, దూరంగా ఉండు అని నామీద అరిచాడు. చావుకి దగ్గరగా ఉన్న మనిషికి కోపం ఎక్కువవుతుందేమో అనుకుని వదిలేశాను. ఆ గాబరాలో ఒకాయన పై పళ్లకి రెండు కోరపళ్లు ఉండాల్సిన చోట నాలుగు పెట్టాను. పళ్ల డాక్టరు ఫోన్ చేసి, ఇది మనిషికా పులికా అని అడిగాడు.

రెండో ఆట మా గ్రౌండ్‌లో. ఇంటి కిటికీలోంచి గ్రౌండ్ దీపాల వెలుగు కనిపిస్తుంది. జనం కేకలు గాలిలో తేలి వచ్చి రేడియోతో కలిసేవి. అక్క కిటికీలన్నీ మూసింది. ఎక్స్‌ట్రా టైమ్ దాకా పోయి రెండు ఒకటితో నెగ్గాం. ప్రతిదీ ఇరవై సెకన్ల ముందు, పళ్ల కొలత చెప్పినట్టే చెప్పాను. ఆట అయ్యేసరికి నా చొక్కా పిండితే ఒక లోటా చెమట. బావ నుదురు మాత్రం పొడిగా ఉంది, ఉన్ని టోపీ కింద కూడా. మాత్రలు పని చేస్తున్నాయనుకున్నాను.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నుంచీ నా చేతులు చల్లగా ఉన్నాయి. ఒక్క ఆట. నెగ్గితే పై డివిజన్, ఓడితే ఇంకో పంతొమ్మిదేళ్లో ఎన్నో. కానీ నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఆ లెక్క లేదు. దెబ్బ తగలకుండా బావని మంగళవారం దాకా చేర్చాలి, అదొక్కటే. ఓడితే దుఃఖంతో పోతాడు, నెగ్గితే సంతోషంతో పోతాడు. సమం అయ్యే ఆట ఏదైనా ఉంటే బాగుండునని, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి అనుకున్నాను.

డెబ్భై నిమిషాల దాకా ఏమీ లేదు. డెబ్భై ఒకటో నిమిషంలో గోల్ మనది. బావా, మనమే, లేవకు అన్నాను. ఇరవై సెకన్ల తర్వాత టీవీలో బంతి వలలో పడింది. బావ లేవలేదు. నా వంకే చూస్తున్నాడు. అక్క కూడా టీవీ వంక కాదు, నా వంకే చూస్తోంది. తర్వాత ఏమవుతుందో నా మొహంలో చదువుతున్నారనుకున్నాను.

అక్కణ్నుంచి గడియారం ముల్లు మైనంలో దిగబడ్డట్టు నడిచింది. తొంభై దాటింది. అదనంగా ఆరు నిమిషాలు ఇచ్చారు. అయిదో నిమిషంలో రేడియోలో ఆట చెప్పే ఆయన గొంతు చీలిపోయింది. మనవాడి చేతికి బంతి తగిలింది. పెనాల్టీ, వాళ్లకి.

టీవీలో ఇంకా ఏమీ జరగలేదు. మనవాళ్లు బంతిని హాయిగా పక్కకి నెట్టుకుంటున్నారు. పాపం, వాళ్లకి ఇంకా తెలియదు. నాకు తెలుసు. ఆ ఇరవై సెకన్లు ప్రపంచంలో నేనొక్కణ్నే ఉన్నట్టుంది. ఎడమ భుజం మీద ఎవరో ప్లాస్టర్ బస్తా దించినట్టు బరువు. చెప్పకపోతే దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. చెబితే, ఆ మాట నా నోటి నుంచే వెళ్లి అతన్ని చంపుతుంది.

"బావా," అన్నాను. "పెనాల్టీ. వాళ్లకి."

రేడియోలో ఆయన చెబుతూనే ఉన్నాడు. వాళ్లవాడు బంతిని పెనాల్టీ చుక్క మీద పెట్టాడు. వెనక్కి నడిచాడు. ఈల. పరుగు. అప్పుడు అక్క చెయ్యి వచ్చి తీగని నా చెవిలోంచి పీకేసింది.

"చాలు," అంది. "కూర్చో."

కూర్చోబెట్టింది కూడా, భుజాలు పట్టి, బావ పక్కన. నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. అన్ని రోజుల్లో మొదటిసారి, ఏం జరగబోతోందో నాకు తెలియదు. బావ నా మణికట్టు పట్టుకున్నాడు, బొటనవేలు గట్టిగా నొక్కి. ధైర్యం కోసం పట్టుకున్నాడనుకుని రెండో చేత్తో అతని చెయ్యి నిమిరాను. అతని చెయ్యి వెచ్చగానే ఉంది. వణికేది నాదే.

టీవీలో వాడు పరిగెత్తాడు. కొట్టాడు. మన గోల్‌కీపర్ ఒకవైపు దూకాడు, బంతి ఇంకోవైపు వెళ్లింది. గోల్ పైకమ్మీకి తగిలింది. అక్కణ్నుంచి ఎగిరి, ఎన్నో ఏళ్లుగా మేం కూర్చున్నట్టే గోల్ వెనకాల మూడో వరసలో కూర్చున్న ఎవరి ఒళ్లోనో పడింది. ఇంకాసేపటికి ఆఖరి ఈల.

వీధి వీధంతా పేలిపోయింది. హారన్లు, ఈలలు, మేడల మీద నుంచి గిన్నెల మోత. మా హాల్లో మాత్రం ముగ్గురం సోఫా మీద వరసగా, నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. పంతొమ్మిదేళ్లు ఎదురుచూసిన పండగని ఉలుకూ పలుకూ లేకుండా చేసుకున్న ఇల్లు ఊళ్లో మాదొక్కటే.

మెల్లగా ఊపిరి తీసుకో అన్నాడు బావ. నువ్వు తీసుకో అన్నాను. నువ్వు ముందు అన్నాడు. మొండిఘటం అనుకుని, అతను తీసుకుంటాడని నేనే ముందు తీసుకున్నాను.

మంగళవారం పొద్దున్న ఆస్పత్రికి వెళ్లాం. పెట్టె అక్క సర్దింది. దానికి చక్రాలున్నాయి గాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరు మోయాలని బావకీ నాకూ వీధిలోనే కొట్లాట అయ్యేది. కౌంటర్ దగ్గర నర్సు కాగితం తీసి, ఎవరు చేరేది అని అడిగింది. బావ పేరు చెప్పాడు. నా పేరు. ఇంటిపేరుతో సహా.

పగలబడి నవ్వాను. "ఏం బావా, ఆఖరి నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌ని దించుతున్నావా?"

నర్సు నా చెయ్యి అందుకుని మణికట్టుకి పట్టీ చుట్టేసింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాను. కాసేపటికి చూస్తే అక్కడ నవ్వుతున్నది నేనొక్కణ్నే. అక్క కింద కూర్చుని పెట్టె తెరిచింది. నా చారల పైజామా. నా కళ్లద్దాలు. నా దువ్వెన. మడత పెట్టిన తువ్వాలు మీద నా జేబు రేడియో.

బావ నీలం టోపీ తీశాడు. మూడు వారాల అబద్ధం ఆ రెండు చెవుల్లోనూ పేరుకుని ఉంది. అంత ఎరుపు నేను మా చిగుళ్ల రంగు డబ్బాలో కూడా చూడలేదు.

"నీకు చెబితే ఏం చేసేవాడివిరా?" అన్నాడు.

ఆలోచించాను. "ఫైనల్‌కి వెళ్లేవాణ్ని."

"ఎక్కడ కూర్చునేవాడివి?"

"కూర్చోవడమేంటి బావా."

"అదే మరి," అన్నాడు. "నీకోసం నువ్వు చిటికెడు ఉప్పు కూడా మానవు. నాకోసమైతే అరుపు కూడా మానతావని మీ అక్క చెప్పింది."

నర్సు సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. ఇది నేనే పెట్టాలట, ఇంకొకరు పెడితే చెల్లదట. జీవితంలో మొదటిసారి నా కాగితం నేను కూడబలుక్కుని చదివాను. గొట్టాలు మూడు, బావ గోడకి చెప్పినట్టే. నేను కలం పట్టుకుంటే బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. సంతకం మూడో వరస దాకా సాగింది.

లోపల మంచం మీద పడుకోబెట్టాక అడిగాను, మరి రేడియో సంగతి ఎప్పుడు తెలిసిందని. మొదటి కార్నర్‌కే అన్నాడు. మెడ వెనక తీగ వేలాడుతుంటే నాలుక మీద మచ్చ అని నమ్మడానికి తనేమీ పళ్లు రాని పసివాడు కాదట.

చక్రాల మంచం వచ్చింది. నాకు భయం వేసింది. మూడు వారాలు అతనికోసం పడ్డ భయం పక్కకి తప్పుకుని, నా సొంత భయానికి చోటిచ్చినట్టుంది. ఒక్క జోకూ రాలేదు. బావ నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇప్పుడు తలుపు తీస్తారు," అన్నాడు, పళ్ల కొలత చెప్పినట్టు మెల్లగా. "నీకు నిద్ర పట్టిస్తారు. సాయంత్రానికి లేస్తావు. లేచి ముందు ఉప్పు అడుగుతావు, మీ అక్క తిడుతుంది. వచ్చే సీజన్ మొదటి ఆటకి నా పక్క సీట్లో ఉంటావు."

"నీకెలా తెలుసు?"

"నా నాలుక మీద మచ్చ ఉంది."

నేను అతని నాలుక చూడలేదు. చెవులు చూశాను. టోపీ లేదు, రెండూ బాగా కనిపిస్తున్నాయి.

ఎర్రగా లేవు.